ముస్తఫా గేమ్‌లో హన్నా

తొంభైల్లో మా వైపు పెరిగినవాళ్ళని ‘కాడిలాక్స్ అండ్ డైనోసార్స్ ఆడారా’ అని అడిగితే తెల్లమొహం వేస్తారు. ‘ముస్తఫా గేమ్’ అనండి, అప్పుడు చూడండి వాళ్ళ ముఖం. 1993లో క్యాప్‌కామ్ అనే జపాన్ కంపెనీ చేసిన ఆ ఆటని శ్రీకాకుళంలో ఎవరూ అసలు పేరుతో పిలవగా నేను వినలేదు. పసుపు టోపీ పెట్టుకుని, పరిగెత్తుకుంటూ వచ్చి గాల్లోకి ఎగిరి తన్నే ముస్తఫా ఒక్కడే అందరికీ గుర్తు. నిజానికి సెలెక్ట్ స్క్రీన్‌లో నలుగురుంటారు: జాక్, హన్నా, ముస్తఫా, మెస్. అందులో హన్నా డండీ నా మనిషి.

నా మనిషి అంటే నేను కోరి తెచ్చుకున్నది కాదు. అంటగట్టారు.

మా మేనత్త వాళ్ళకి ఏడు రోడ్ల జంక్షన్ దాటాక ఒక చిన్న షాపు ఉండేది. ముందు ఎస్టీడీ బూత్, జిరాక్స్. వెనక గదిలో రెండు వీడియో గేమ్ మెషిన్లు. బూత్ మామయ్య చూసుకుంటే మెషిన్లు బావ చూసుకునేవాడు. మేం ఆమదాలవలసలో ఉండేవాళ్ళం. సెలవులొస్తే నన్నూ, మా తమ్ముణ్ణీ బస్సెక్కించి అత్త వాళ్ళింటికి పంపేసేవారు. మధ్యాహ్నం భోజనాల వేళ కుర్రాళ్ళెవరూ ఉండరు కాబట్టి బావ మమ్మల్ని లోపలికి రానిచ్చేవాడు. సాయంత్రం నాలుగు దాటితే ఆడపిల్లలకి ఆ గదిలో పనిలేదు. ఎవరూ బోర్డు పెట్టలేదు గానీ అది అందరికీ తెలిసిన సంగతే.

ఆ గది ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టు ఉంటుంది. స్క్రీన్ మీద వెలుతురు పడకుండా కిటికీకి పాత నల్ల గొడుగు గుడ్డ మేకులతో కొట్టేశారు. జాయ్‌స్టిక్ మీద ఉండాల్సిన బంతి ఎప్పుడో ఊడిపోతే బావ దాని చుట్టూ సైకిల్ ట్యూబు ముక్క చుట్టాడు, ఆడి లేచేసరికి అరచెయ్యి నల్లగా అయ్యేది. బటన్ల చుట్టూ పెయింటు లేచిపోయి లోపలి చెక్క కనిపించేది. బయటివాళ్ళు రూపాయి బిళ్ళ వెయ్యాలి. మాకైతే బావ ముందు తలుపు తాళం తీసి, లోపలున్న సన్నటి తీగలాంటి మీటని వేలితో టిక్కుమని నొక్కేవాడు. నొక్కినప్పుడల్లా ఒక క్రెడిట్, అంటే బిళ్ళ వేసినట్టే లెక్క. ఆ తాళంచెవి ఉన్నవాడే ఊళ్ళోకెల్లా ధనవంతుడని మా తమ్ముడి నమ్మకం.

తమ్ముడు ముస్తఫా. బావ మెస్. నేను జాయ్‌స్టిక్ మీద చెయ్యి వేసేలోపే బావ అనేవాడు: "నువ్వు ఆడగుంటవి కదా, ఆ ఆడగుంటనే తీసుకో."

ఎందుకు తీసుకోవాలో నేనూ అడగలేదు, ఎందుకిస్తున్నాడో అతనూ చెప్పలేదు. బాబాయిలు, మావయ్యలు వచ్చి చూసినా అదే మాట. మిగతా కుర్రాళ్ళెవరూ హన్నాని ముట్టుకునేవారు కాదు. మూడో మనిషి ఆడటానికి వచ్చి, మిగతావాళ్ళు అప్పటికే మంచివాళ్ళని లాగేసుకుంటే, గత్యంతరం లేక తీసుకునే పాత్ర ఆవిడ. అలా తీసుకున్నవాణ్ణి ఆట అయ్యేదాకా "ఏటే హన్నా" అని ఏడిపించేవారట. బావ చెప్పేవాడు.

ఆవిడ సంగతి నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. ఆ ఆట మార్క్ షుల్జ్ గీసిన ఒక అమెరికన్ కామిక్ మీద ఆధారపడింది. అందులో హన్నా శాస్త్రవేత్త, పక్క రాజ్యం నుంచి వచ్చిన రాయబారి. ఆటలోకి వచ్చేసరికి చదువూ పోయింది, పదవీ పోయింది. మెస్‌కి బలం, ముస్తఫాకి వేగం, హన్నాకి నేర్పు అని పంచిపెట్టారు. నేర్పు అంటే కింద దొరికిన కత్తీ తుపాకీ బాగా వాడుతుందని. చేతిలో ఏమీ లేకపోతే మాత్రం మెస్ ఒక్క గుద్దుకి పడగొట్టినవాడిని ఆవిడ రెండు మూడు గుద్దాలి. నాకు అప్పట్లో అది అన్యాయమని కూడా తోచలేదు. ఆడవాళ్ళకి నేర్పు, మగవాళ్ళకి బలం, ఇంట్లో అన్నం గిన్నె దించడం దగ్గర్నుంచీ వింటున్న మాటే కదా.

అయినా హన్నా నయం. తన్నులు తింటే తిననీ, తిరిగి తన్నే అవకాశం ఉంది. ఇంట్లో టీవీకి తగిలించుకునే కేసెట్ గేముల్లో అదీ లేదు.

మా ఇంటి గేమ్ డబ్బా ఏ కంపెనీదో ఎవరికీ తెలీదు, పైన ఏదో పేరు ఉండేది, అదీ చెరిగిపోయింది. కేసెట్ మీద ‘400 ఇన్ 1’ అని అచ్చేసి ఉంటే లోపల పట్టుమని పది ఆటలు ఉండేవి, అవే పేర్లు మార్చి మార్చి. అందులో ‘కుంగ్ ఫూ’ అని ఒకటి. ఐదంతస్తుల భవనం, ఒక్కో అంతస్తులో ఒక్కో దుష్టుడు, పైన కుర్చీకి కట్టేసిన సిల్వియా. కిందా మీదా పడి పైకి వెళ్ళి కట్లు విప్పితే మళ్ళీ మొదటి అంతస్తు నుంచి ఆట మొదలు. అంటే మళ్ళీ ఎత్తుకుపోయారన్నమాట! మా అమ్మ వత్తులు చేసుకుంటూ చూసి, "ఆ పిల్లకి బుద్ధి నేదా, మళ్ళీ మళ్ళీ ఎలా దొరికిపోతాది?" అని విసుక్కునేది. ‘డబుల్ డ్రాగన్’ ఇంకా ఘోరం. 1987లో వచ్చిన ఆ ఆటలో కథ మొదలవడమే మారియన్ అనే అమ్మాయి కడుపులో ఒకడు గుద్ది, మూటలా భుజాన వేసుకుని పోవడంతో. ఆ ముక్క వచ్చినప్పుడల్లా స్టార్ట్ బటన్ గబగబా నొక్కేసేదాన్ని. తమ్ముడు మాత్రం పూర్తిగా చూడాలని పేచీ.

మారియో సంగతి అందరికీ తెలిసిందే. ఎనిమిది లోకాలు. మొదటి ఏడింటి చివరా కోట గెలిస్తే పుట్టగొడుగు తలకాయవాడు ఎదురొచ్చి, థాంక్యూ, కానీ మా యువరాణి ఇంకో కోటలో ఉందని చెప్పేవాడు. మా దగ్గర సేవ్ చేసుకోవడాలు లేవు, అడాప్టర్ వేడెక్కితే స్క్రీన్ మీద గీతలు వచ్చేవి, కరెంటు పోతే మళ్ళీ మొదటికే. ఒక వేసవిలో బావ మా ఇంటికి వచ్చి ఎనిమిదో లోకం చివరి కోట, ఆ తిప్పి తిప్పి చంపే చిక్కుదారి కోట, దాటేశాడు. వీధిలో పిల్లలందరూ మా ముందు గదిలో ఉన్నారు. అంత కష్టపడి వెళ్తే యువరాణి అక్కడ కదలకుండా నిలబడి ఉంది. మీ అన్వేషణ ముగిసింది, మీకు కొత్త అన్వేషణ ఇస్తున్నాం అని ఇంగ్లీషులో రెండు ముక్కలు. అంతే. కనీసం చెయ్యి ఊపలేదు. "దీని కోసమేటి ఇంతసేపూ!" అన్నాడు మా తమ్ముడు. నాకూ అలాగే అనిపించింది గానీ, నా కోపం యువరాణి మీద కాదు. ఆవిడకి చెయ్యి ఊపే బొమ్మ కూడా గీయని వాళ్ళ మీద.

బావ దగ్గర రెండో మెషిన్‌లో ఆటలు మారుతుండేవి. మెషిన్ లోపల ఆట ఉండే సర్క్యూట్ బోర్డు మార్చేవాడు విశాఖపట్నం నుంచి వచ్చేవాడు. చాలాకాలం అందులో స్ట్రీట్ ఫైటర్ ఉంది. 1991లో వచ్చిన ‘స్ట్రీట్ ఫైటర్ 2’లో మనం ఎంచుకోవడానికి ఎనిమిది మంది, అందులో ఒకే ఒక్క ఆడమనిషి, చున్-లీ. అకిరా యసుదా అనే ఆయన గీశాడు. నీలం చైనా దుస్తులు, ముళ్ళ కడియాలు, రెండు వైపులా గుడ్డలో ముడివేసిన కొప్పులు. తండ్రిని చంపినవాణ్ణి వెతుక్కుంటూ వచ్చిన ఇంటర్‌పోల్ ఆఫీసర్. తలకిందులై గిరగిరా తిరిగే తన్ను ఒకటి, కాలు కనపడనంత వేగంగా వరసగా తన్నేది ఇంకొకటి. ఈ రెండోదానికి పెద్ద విద్య అక్కర్లేదు, కిక్ బటన్ ఒకటి దబదబా వాయిస్తే చాలు. సైకిల్ ట్యూబు జాయ్‌స్టిక్‌తో నాలాంటిదానికి వరప్రసాదం. బావని ఓడించాను. అతను మెషిన్ బాగోలేదన్నాడు.

చున్-లీ తొడలు మాత్రం బొమ్మల ఆడవాళ్ళ తొడల్లా ఉండవు. గీసినవాడు అంత తన్ను తన్నే మనిషికి కాళ్ళు ఎలా ఉండాలో ఆలోచించాడు. నాకు అది అప్పుడే నచ్చింది, మాటల్లో చెప్పడం రాలేదంతే. అయితే పైభాగం, నడుం దగ్గరికి వచ్చేసరికి ఆ ఆలోచన ఆగిపోయింది. పాత్రల వివరాల్లో జాంగీఫ్ అన్ని కిలోలు, హోండా ఇన్ని కిలోలు అని బరువులు రాస్తారు. చున్-లీ దగ్గర బరువు: రహస్యం. నవ్వులాటకే రాశారు. ఆఖర్న పగ తీర్చుకున్నాక తండ్రి సమాధి దగ్గర నిలబడి, ఇక మామూలు పెళ్ళికాని పిల్లలా బతుకుతానంటుంది. అంత తన్నీ, చివరికి మా అత్త కోరుకున్నదే కోరుకుందన్నమాట.

ఆ ‘రహస్యం’ దగ్గర నేను ఎందుకంత ఆగిపోతానో చెప్పాలంటే మా ఊరి సంగతి చెప్పాలి. మా ఆమదాలవలస పక్కనే ఊసవానిపేట. అక్కడి ఆడపిల్లలు బరువులు ఎత్తుతారు. పక్క ఊళ్ళ వాళ్ళకి వింత గానీ మాకు కాదు. కరణం మల్లీశ్వరి అక్కడి నుంచి వెళ్ళి 1994లో, 1995లో వరసగా ప్రపంచ ఛాంపియన్ అయింది. ఆవిణ్ణి చూసి ఇంకెంతమందో రాడ్ పట్టుకున్నారు. మా స్కూల్లో నాకంటే పైక్లాసు అక్క ఒకావిడ ప్రాక్టీసుకి వెళ్ళేది. ఆవిడ బొటనవేళ్ళకి ఎప్పుడూ తెల్ల ప్లాస్టర్ చుట్టి ఉండేది, రాడ్ పట్టినప్పుడు చర్మం చీలకుండా. మెడ కింద, రెండు ఎముకల మీదా, రాడ్ ఆనీ ఆనీ నల్లగా కాయ కాసింది. యూనిఫాం భుజాల దగ్గర పట్టక టైలరు దగ్గర కుట్లు విప్పించి గుడ్డ వేయించుకునేది. మధ్యాహ్నం డబ్బాలో నాలుగు గుడ్లు. ఎవరైనా "ఒలే, నువ్వెన్ని కిలోలున్నావే" అని అడిగితే గ్రాములతో సహా చెప్పేది. ఆ ఆటలో అదే లెక్క మరి. పోటీకి ముందు కాటా ఎక్కాలి, అంకె రాసుకుంటారు, ఆ అంకెని బట్టే ఏ కేటగిరీలో ఎత్తాలో తేలుతుంది. దాచుకుంటే ఆటే లేదు.

2000 సెప్టెంబరు 19. సిడ్నీ. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ వెయిట్‌లిఫ్టింగ్ పెట్టడం అదే మొదటిసారి. 69 కిలోల విభాగం. ఒక్క ఊపున తలపైకి ఎత్తే స్నాచ్‌లో 110, ముందు భుజాల మీదికీ తర్వాత తలపైకీ ఎత్తే క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు. మల్లీశ్వరికి కాంస్యం, ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ. మా వీధిలో ఆ సాయంత్రం దీపావళి ముందే వచ్చింది. పేపర్లలో ఫొటో వచ్చింది: మందమైన నడుం, గుండ్రటి భుజాలు, బిగించిన పళ్ళు. మా నాన్న దాన్ని కత్తిరించి ముందు గదిలో క్యాలెండర్ పక్కన అంటించారు. జిల్లాలో పుట్టిన మగ బలశాలి కోడి రామ్మూర్తి నాయుడు పేరు మీద శ్రీకాకుళంలో స్టేడియమే ఉంది. ఆడ బలశాలిని మేం టీవీలో బతికుండగానే చూశాం.

ఆ దసరా సెలవులకి వెళ్తే బావ రెండో మెషిన్‌లో ‘కింగ్ ఆఫ్ ఫైటర్స్ 97’ పెట్టాడు. అందులో ఆడవాళ్ళకి ఏకంగా ఒక టీమ్: మాయ్, కింగ్, చిజురు. ఒకరు కాదు ముగ్గురు, సంతోషించాల్సిందే. కానీ మాయ్ ఊరికే నిలబడ్డా ఒళ్ళంతా ఊగేలా గీశారు, బట్టలు కట్టామా అంటే కట్టాం అన్నట్టు. ముందు గదిలోకి ఈలలు వినిపించేవి. మామయ్య బూత్‌లోంచి "ఒరే, ఇక్కడ ఫోన్ మాట్లాడతన్నార్రా" అని కేక. నాకు అప్పటికి పదహారు. నేను ఆ గదిలోకి వెళ్ళడం ఆ సెలవులతోనే మానేశాను. ఎవరూ వద్దనలేదు. ఆ ఈలల మధ్య నిలబడి మాయ్‌ని ఎంచుకోవడమా, ఎంచుకోకపోవడమా అన్నదే పెద్ద టెన్షన్. ఏది చేసినా ఎవడో ఒకడు ఏదో ఒకటి అంటాడు. పాపం ఆటగా చూస్తే మాయ్ మంచి ఫైటర్. విసనకర్ర దూరం నుంచి విసురుతుంది, చటుక్కున దగ్గరికి వస్తుంది. ఆ సంగతి ఎవరికి కావాలి?

ఇంటర్ అయ్యాక కంప్యూటర్ కోర్సులో చేరాను. పాలకొండ రోడ్డులో మేడ మీద, ఏసీ గది, చెప్పులు బయట. అక్కడ సార్ లేనప్పుడు ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’ ఆడేవాళ్ళం. 1989 నాటి పాత ఆట, అయినా ఆ పరుగు, ఆ గెంతు అచ్చం మనిషిలా ఉండేవి. ఆ ఆట చేసిన జోర్డన్ మెక్నర్ తన తమ్ముణ్ణి పరిగెత్తించి, దూకించి, వీడియో తీసి, దాని మీద గీశాడు కాబట్టి. గంటలోపు రాజకుమారిని చేరాలి. ఆవిడ గదిలో ఇసుక గడియారం ముందు కూర్చుని ఉంటుంది. ఇదీ అంతే, ఇంకో సిల్వియా అనుకున్నాను. ఎనిమిదో లెవెల్లో మనం తలుపు వెనక చిక్కుపడిపోతాం, ఎటూ దారి లేదు. అప్పుడు ఒక తెల్ల ఎలుక టకటకా వచ్చి మీట మీద ఎక్కుతుంది, తలుపు తెరుచుకుంటుంది. పంపింది రాజకుమారి. మొత్తం ఆటలో ఆవిడ చేసే పని అదొక్కటే. కానీ ఆ ఎలుక వచ్చినప్పుడు నేను ల్యాబ్‌లో పైకే అరిచాను, పక్కన టైపింగ్ చేసుకుంటున్న పిల్ల ఉలిక్కిపడింది. కూర్చోబెట్టిన మనిషితో ఒక్క పని చేయించినా ఆట ఎంత మారిపోతుందో!

లారా క్రాఫ్ట్ కూడా ఆ ల్యాబ్‌లోనే పరిచయం. ‘టూంబ్ రైడర్’ 1996లో ఇంగ్లండ్‌లోని డెర్బీలో కోర్ డిజైన్ అనే కంపెనీ చేసింది. ఆ పాత్రని రూపొందించిన టోబీ గార్డ్ మొదట మగ వీరుణ్ణే అనుకుని, తర్వాత లారా క్రూజ్ అని పెట్టి, చివరికి లారా క్రాఫ్ట్ చేశాడు. ఆట హిట్టయ్యాక ఆవిణ్ణి పోస్టర్లలో ఎలా అమ్మారో అందరం చూశాం. గార్డ్ ఏడాదికే కంపెనీ వదిలేశాడు. బొమ్మ చూస్తే నిక్కరు, అతి సన్నటి నడుం, దానికి పొంతన లేని ఛాతీ. ఆట ఆడితే వేరే మనిషి. గుహలో ఒక్కతే, పాట లేదు, మాట లేదు. అంచు దాకా నడిచి, ఒక గెంతు వెనక్కి వేసి, పరిగెత్తి సరిగ్గా అంచు దగ్గర దూకాలి. లెక్క తప్పితే చావే. అంత ఒద్దికగా లెక్కపెట్టుకునే మనిషి ఆ పోస్టర్ మీది మనిషి ఒకటేనంటే నేను నమ్మను. ఇప్పటికీ నాకు పోస్టర్ కంటే ఆ వెనక్కి గెంతడమే గుర్తుంటుంది. (రెండో భాగంలో ఇంట్లో ముసలి బట్లర్‌ని కోల్డ్ రూమ్‌లో పెట్టి తలుపేసెయ్యడం కూడా. ఆ పని చెయ్యనివాళ్ళు ఎవరైనా ఉన్నారా?)

తర్వాత చదువు, ఉద్యోగం, పెళ్ళి. ఆటలు చాలా ఏళ్ళు వదిలేశాను. ఆ మధ్యలో చదివి తెలుసుకున్నవే ఎక్కువ. 1986లోనే ‘మెట్రాయిడ్’లో ఇనుప కవచం వేసుకున్న వీరుడు చివర్న శిరస్త్రాణం తీస్తే సేమస్ అనే ఆడమనిషి అట. ఆటతో వచ్చిన పుస్తకంలో కావాలనే మగవాడిలా రాశారు. ఎంత బాగుంది అనుకునేలోపే ఇంకో సంగతి: ఎంత త్వరగా ఆట పూర్తిచేస్తే ఆవిడ ఒంటి మీద అంత తక్కువ బట్టలు. గంటలోపు అయితే బికినీ. బహుమతి!

2020లో ‘ది లాస్ట్ ఆఫ్ అస్’ రెండో భాగం వచ్చినప్పుడు అందులో ఆబీ అనే అమ్మాయి చేతుల మీద ఇంటర్నెట్‌లో పెద్ద రభస. ఆడదానికి అలాంటి కండలుంటాయా, అంతా అబద్ధం అని. నిజానికి ఆ ఒంటికి బరువులూ కసరత్తులూ కలిపి చేసే క్రాస్‌ఫిట్ క్రీడాకారిణి ఒకావిణ్ణి నమూనాగా తీసుకున్నారు. ఆ వాదనలు చదువుతుంటే నాకు ఒళ్ళు మండి, బస్సు చార్జీలు నేనిస్తాను, ఆమదాలవలస రండి అని రాద్దామనుకున్నాను. అదే ఏడు పుణెలో నాడింగ్ హెడ్స్ గేమ్స్ వాళ్ళు ‘రాజీ’ అనే ఆట తెచ్చారు. గారడీలు చేసే అమ్మాయి, రాక్షసులు ఎత్తుకుపోయిన తమ్ముడు గోలూని వెతుక్కుంటూ వెళ్తుంది. తమ్ముణ్ణి అక్క విడిపించడం! మా తమ్ముడికి ఫోన్ చేసి చెప్తే, "నన్నెవరు ఎత్తుకుపోతారు, నేను మెస్ బరువున్నాను ఇప్పుడు" అన్నాడు.

మొన్న సంక్రాంతికి అందరం అమ్మ దగ్గర కలిశాం. బావ కొడుకు ప్లేస్టేషన్ మోసుకొచ్చాడు, ‘స్ట్రీట్ ఫైటర్ 6’. 2023 ఆట. కమ్మీ అనే ఆడ ఫైటర్‌కి ఈతదుస్తుల్లాంటి బిగుతు లియోటార్డ్ పోయి ప్యాంటు, జాకెట్ వచ్చాయి. దాని మీద కూడా ఏడ్చినవాళ్ళున్నారట. నేను చూడాలనుకున్నది మరీసాని. ఇటలీ మనిషి, నగలు డిజైన్ చేస్తుంది, 203 సెంటీమీటర్లు, 120 కిలోలు. అంకె దాచలేదు. భుజాలు మెస్ కంటే వెడల్పు. నెమ్మదిగా కదులుతుంది, తగిలితే మాత్రం ఎదుటివాడి పని అయిపోయినట్టే. నేర్పు కాదు, వేగం కాదు, బలమే ఆవిడ పని. బావ చప్పున ఆవిణ్ణి లాగేసుకున్నాడు. నేను చున్-లీ. ఓడించాడు. ఈసారి మెషిన్ బాగానే ఉందన్నాడు.

ఆ ఆటలో సొంత మనిషిని తయారు చేసుకోవచ్చు. చెయ్యి ఎంత లావు, నడుం ఎంత, భుజాలెంత అన్నీ మన ఇష్టం. మా అమ్మాయి అరగంట కూర్చుని చేసింది: పొట్టి మెడ, గుమ్మడికాయల్లాంటి భుజాలు, చామనచాయ, రెండు జడలు. అమ్మ అరిసెల పళ్ళెం పట్టుకొచ్చి టీవీ ముందు ఆగింది.

"ఎవర్తే ఈ గుంట? మన ఊసవానిపేట దానిలాగుంది."

"నేనే అమ్మమ్మా."

"నువ్వా! అయితే ముందు ఈ అరిసె తిను. ఉట్టినే రాదమ్మా అంత ఒళ్ళు."